నాన్న సీసా, అబ్బాయి సీసా: ఓల్డ్ స్పైస్ కథ

ఈ వారం ఒక వాసన గురించి మాట్లాడుకుందాం. రేడియోలో వాసన చూపించే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి మీ సాయం కావాలి. వంటింట్లో ఉన్నవాళ్ళు మసాలా దినుసుల డబ్బా తీసి ఒక లవంగం, చిన్న దాల్చినచెక్క ముక్క, వీలైతే కాస్త జాజికాయ పొడి అరచేతిలో నలపండి. దానికి కొంచెం నారింజ తొక్క, ఒక చుక్క వెనీలా తగిలించండి. ఇప్పుడు కళ్ళు మూసుకుని వాసన చూడండి. బిర్యానీ గుర్తుకొస్తే ఇంకొంచెం వెనీలా వేయండి. అప్పుడే గడ్డం గీసుకుని, తెల్లబనీనుతో అద్దం ముందు నిలబడ్డ మీ నాన్నగారో మావయ్యగారో గుర్తుకొస్తే మీరు సరైన చోటికే వచ్చారన్నమాట.

నేను చెప్పేది ఓల్డ్ స్పైస్ గురించి. తెల్లసీసా, మీద ఓడ బొమ్మ.

మా ఇంట్లోకి అది 1977లో వచ్చింది. మా మావయ్య అమెరికా నుంచి మొదటిసారి కాకినాడ వచ్చినప్పుడు అమ్మకి ఒక స్వెట్టరు, నాకు రంగుపెన్సిళ్ళు, నాన్నకి ఈ సీసా తెచ్చాడు. కాకినాడలో స్వెట్టరు ఎందుకో ఇప్పటికీ తెలీదు. అప్పటిదాకా నాన్నకి గడ్డం గీసుకున్నాక తెలిసిన వైద్యమల్లా పటికముక్కే. నీళ్ళలో ముంచి గడ్డానికి రుద్దుకోవడం, తువ్వాలుతో తుడుచుకోవడం, అంతే. సీసా వచ్చాక కూడా మామూలు రోజుల్లో పటికే. పెళ్ళిళ్ళకి, పై అధికారి తనిఖీకి వచ్చే రోజున మాత్రం బీరువాలోంచి సీసా బయటికొచ్చేది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని చెంపలకి అద్దుకుని "స్స్" అనేవారు. ఆ శబ్దం వినపడిందంటే ఆ రోజు ఏదో విశేషం ఉన్నట్టే. సీసా అడుగంటాక నీళ్ళు కలిపి ఇంకో ఆరునెలలు నడిపించారు. తరవాత మన దేశంలోనే లైసెన్సు మీద తయారయ్యే ఓల్డ్ స్పైస్ బజారులో కొనడం మొదలుపెట్టారు. అదీ తెల్లసీసాయే, అదే ఓడ. కానీ మావయ్య తెచ్చిన ఖాళీ సీసాని మాత్రం పారెయ్యనివ్వలేదు.

సరే, అసలు చరిత్రలోకి వెళదాం. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళకి ఇందులో ఒక చిన్న ఆశ్చర్యం ఉంది. విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ అనే ఆయన 1934లో షల్టన్ అనే కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ చాలా దశాబ్దాలపాటు ఉన్నది క్లిఫ్టన్‌లో, రూట్ 46 పక్కన. అంటే కాకినాడలో మా నాన్న దాచుకు దాచుకు వాడిన ఆ వాసన పుట్టిన దారిలోనే మనలో ఎంతోమంది రోజూ ఆఫీసుకి వెళ్ళొస్తున్నారు, ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ.

షల్టన్ 1937లో తెచ్చిన మొదటి ఓల్డ్ స్పైస్ ఆడవాళ్ళది! దాని పూర్తిపేరు ఎర్లీ అమెరికన్ ఓల్డ్ స్పైస్. షుల్ట్జ్‌కి ఆ ఆలోచన వాళ్ళమ్మ దగ్గర ఉండే కుండ నుంచి వచ్చిందని చెబుతారు. ఎండిన గులాబీరేకులు, లవంగాలు, మరికొన్ని దినుసులు వేసి గదిలో పెట్టుకునే కుండ అది. మగవాళ్ళ ఓల్డ్ స్పైస్ 1938లో, క్రిస్మస్ ముందు వచ్చింది. దాన్ని కూర్చినవాడిగా ఆల్బర్ట్ హౌక్ పేరు చెబుతారు. మన దేశంలో దశాబ్దాలపాటు మగతనానికి గుర్తుగా అమ్ముడుపోయిన వాసనకి మూలం ఒక అమ్మ కుండ, ఒక ఆడవాళ్ళ సెంటు అన్నమాట. నాన్న ఉండగా ఈ సంగతి తెలిస్తే ఏమనేవారో!

పేరు చూడండి. ఓల్డ్. పుట్టినరోజునే దానికి "పాత" అని పేరు పెట్టారు. అప్పుడు అమెరికా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయి ఉంది. జనానికి ముందుకు చూస్తే భయం, వెనక్కి చూస్తే హాయి. వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ పట్నాన్ని రాక్‌ఫెల్లర్ డబ్బుతో వలసకాలంలో ఉన్నట్టుగా మళ్ళీ కట్టుకుంటున్న కాలమది. అదే గాలి సీసా మీదకీ వచ్చింది. మొదటి సీసాలు గాజువి కూడా కావు, మట్టివి. ఒహాయోలోని హల్ కుండల కంపెనీ వాటిని చేసిపెట్టింది. తెల్లగాజు సీసాలు తరవాత వచ్చాయి.

మీద ఉన్న ఓడల్లో ఒకదాని పేరు గ్రాండ్ టర్క్. అది బొమ్మ కోసం కల్పించిన ఓడ కాదు. మసాచుసెట్స్‌లోని సేలం రేవుకి చెందిన ఎలియాస్ హాస్కెట్ డెర్బీ అనే వ్యాపారిది. 1785 చివర్లో బయల్దేరి, ఇప్పుడు మనం మారిషస్ అనే ద్వీపం మీదుగా 1786లో చైనాలోని కాంటన్ చేరింది. సేలం ఓడలు ఆ తరవాత సుమత్రా మిరియాలతో కోట్లు గడించాయి. లవంగాలూ జాజికాయలూ మొలక్కా దీవులవి, దాల్చినచెక్క సింహళానిది, ఓడలు సేలంవి, సీసాలు ఒహాయోవి, ఫ్యాక్టరీ న్యూజెర్సీది. అటుతిరిగి ఇటుతిరిగి ఆ దినుసుల వాసన మావయ్య సూట్‌కేసులో మళ్ళీ హిందూమహాసముద్రం వైపు వచ్చింది.

ఈ కథంతా ఎందుకు చెబుతున్నానంటే, "అసలైన ఓల్డ్ స్పైస్ పోయింది, కొత్తది నకిలీ" అనే వాళ్ళతో నేనూ ఏళ్ళతరబడి గొంతు కలిపాను. ఆ అసలైనది కూడా తన కాలంలో ఒక పాతదనపు వేషమే అని తెలిశాక నా గొంతు కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

మార్పు ఎప్పుడు వచ్చింది? 1971లో షల్టన్‌ని అమెరికన్ సైనమిడ్ కొనుక్కుంది. 1990లో ఓల్డ్ స్పైస్ ప్రాక్టర్ అండ్ గాంబుల్ చేతికి వచ్చింది. 1992లో పాత తెరచాపల ఓడ పోయి విహారపడవలాంటి బొమ్మ వచ్చింది. 2008లో అసలు వాసనకి "క్లాసిక్" అని కొత్తపేరు పెట్టారు. తెల్లగాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది, బూడిదరంగు బిరడా పోయి ఎర్రది వచ్చింది. మీ తాత దీన్ని పూసుకోకపోయుంటే మీరు పుట్టేవాళ్ళే కాదు అనే అర్థం వచ్చేలా ప్రకటన వేశారు. గడుసుతనమే, కానీ అందులో ఒక ఒప్పుకోలు కూడా ఉంది: ఇది తాతల వాసన అని కంపెనీయే చెప్పేసింది. ఇక 2010 ఫిబ్రవరిలో ఐజాయా ముస్తఫా తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలోంచి పడవలోకి, పడవలోంచి గుర్రం మీదకి మారిపోయిన ప్రకటన మీలో చూడనివాళ్ళుండరు. అది కాన్ అడ్వర్టైజింగ్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి కొట్టింది. కానీ ఆ ప్రకటన అమ్మింది ఒంటికి రాసుకునే సబ్బునీళ్ళని, నాన్న సీసాని కాదు. మా అబ్బాయి స్నానాలగదిలో ఉండేది స్వాగర్ అనే రకం. దాని మీదా ఓల్డ్ స్పైస్ అనే ఉంటుంది. అందులో లవంగం వాసన నా ముక్కుకైతే తగల్లేదు.

ఇక వాసన నిజంగా మారిందా అనే ప్రశ్న. దీని మీద మా శనివారం బాతాఖానీలో మూడు పార్టీలున్నాయి.

మొదటిది, "లాభం కోసం చెడగొట్టారు" పార్టీ. పాత సీసాలో ఘాటు ఉండేది, చొక్కాకి రెండ్రోజులు అంటుకునేది, ఇప్పుడు మధ్యాహ్నానికే మాయం, అంతా చవక రసాయనాలు అంటారు. మళ్ళీ పాతకాలపు బ్రష్షు, సబ్బు, ఒంటిబ్లేడు రేజరుతో గడ్డం గీసుకునే అమెరికన్లు కొంతమంది కూడా ఈ పార్టీయే. వాళ్ళలో చాలామంది చాలాకాలంపాటు ఏం చేసేవారో తెలుసా? ఇండియాలో తయారైన, గాజుసీసాలో వచ్చే ఓల్డ్ స్పైస్‌ని తెప్పించుకునేవారు. పాత షల్టన్ వాసనకి అదే దగ్గరగా ఉంటుందని వాళ్ళ నమ్మకం! మనం అమెరికా నుంచి మోసుకెళ్ళిన వస్తువు కోసం అమెరికావాళ్ళు మన కిరాణాకొట్టు వైపు చూడటం వింటే మావయ్య నవ్వేవాడు.

రెండోది, నాకు ఎక్కువ నచ్చే పార్టీ. మా స్నేహితుడొకాయన మందుల కంపెనీలో రసాయనశాస్త్రవేత్త. ఆయన వాదం ఇది. పాతకాలపు మగవాళ్ళ సెంట్లలో తియ్యటి, పౌడరులాంటి కస్తూరి వాసన ఉండేది. అది జింక కస్తూరి కాదు, ప్రయోగశాల కస్తూరి. 1888లో ఆల్బర్ట్ బావుర్ అనే జర్మన్ పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ అనుకోకుండా కస్తూరి వాసనొచ్చే పదార్థాన్ని కనుక్కున్నాడు. ఆ కుటుంబంలో ఒకదాని పేరు మస్క్ ఆంబ్రెట్. ఆంబ్రెట్ అంటే మన కస్తూరిబెండ. చవక, వాసన అద్భుతం. అయితే 1970ల చివర, 1980ల మొదట్లో చర్మవైద్యులు ఒక వింత గమనించారు. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లలో ఇది ఉంటే, ఎండ తగిలినప్పుడు కొంతమంది మొహాలు, మెడలు దద్దుర్లెక్కుతున్నాయి. కొందరికి ఆ లోషన్ మానేసినా తగ్గేది కాదు. అంతర్జాతీయ సుగంధ సంఘం దాన్ని వాడొద్దంది, తరవాత యూరపు నిషేధించింది.

పాత ఓల్డ్ స్పైస్‌లో మస్క్ ఆంబ్రెట్ ఉందని నేను అనడం లేదు. ఆ తరం సెంట్లన్నిటి మీదా పడ్డ దెబ్బ ఎలాంటిదో చెబుతున్నాను. రెండో దెబ్బ మాత్రం సూటిగా మన డబ్బా మీదే పడింది. లవంగ నూనెలో సింహభాగం యూజినాల్ అనే పదార్థం. దాని తోబుట్టువు ఐసోయూజినాల్, కార్నేషన్ పువ్వు వాసనకి ప్రాణం అదే. ఓల్డ్ స్పైస్ మనసులో ఉన్నది లవంగమూ, కార్నేషనూ. ఐసోయూజినాల్ చర్మానికి గట్టి ఎలర్జీ తెప్పిస్తుందని తేలాక ఒంటికి రాసుకునే వాటిలో పదివేల వంతుల్లో రెండు వంతులకి మించి ఉండకూడదని సుగంధ సంఘం హద్దు పెట్టింది. యూరపు 2003లో ఇరవయ్యారు పదార్థాల జాబితా చేసి, అవి ఉంటే సీసా మీద పేరు పేరునా రాయాలంది. యూజినాల్, ఐసోయూజినాల్, దాల్చినచెక్క వాసననిచ్చేది, కూమరిన్, అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితా చదువుతుంటే మా అమ్మ మసాలాపొడి గుర్తొచ్చింది. తింటే ఫరవాలేదు, మొహానికి రాసుకుంటే కొందరికి పడదు.

అంటే, మార్చడానికి లాభం ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఎవరి తండ్రి మెడ మీదో దద్దుర్లు రాకుండా చూడటం కూడా ఒక కారణం కావచ్చు. ఈ మాట చెప్పినప్పుడు మొదటి పార్టీవాళ్ళు కాసేపు మెదలకుండా ఊరుకుని, "మరి ప్లాస్టిక్ సీసా ఎవరి చర్మం కోసం?" అని అడిగారు. దానికి రసాయనశాస్త్రం దగ్గర సమాధానం లేదు.

మూడో పార్టీలో ఒక్కడే ఉన్నాడు, మా పక్కింటాయన. "సెంటు మారలేదురా, నీ ముక్కు ముసలిదయింది" అంటాడు. నవ్వకండి. వయసుతోపాటు వాసన పట్టే శక్తి తగ్గుతుంది. పైగా పదేళ్ళ కుర్రాడికి నాన్న చెంపల మీద ఘుమఘుమలాడిన వాసన, అప్పుడా ఇంట్లో ఇంకే సెంటూ లేదు కాబట్టి ఘుమఘుమలాడింది. ఇప్పుడు నా చుట్టూ బట్టల సబ్బు దగ్గర్నుంచి చెత్తసంచీ దాకా అన్నిటికీ సెంటే.

ఈ తగువు తీర్చడానికి కాగితం ఎక్కడా దొరకదు. సెంటు కూర్పు వ్యాపార రహస్యం. అమెరికాలో చాలాకాలంగా సీసా మీద "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. సినిమా మారిస్తే పాత ప్రింటు చూసి చెప్పగలం, పుస్తకం మారిస్తే పాత ప్రతి తీసి చూపించగలం. సెంటుకి పాతప్రతి ఆవిరైపోతుంది. ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర 1990లో ఒస్మోతెక్ అనే సంస్థ పెట్టారు. అక్కడ పాత సెంట్లని పన్నెండు డిగ్రీల చలిలో, ఆర్గాన్ వాయువు కింద దాస్తారు. 1882లో పాల్ పార్కే చేసిన ఫుజేర్ రొయాల్ కూడా పాత కూర్పు ప్రకారం మళ్ళీ చేసి అక్కడ పెట్టారు. దాన్ని ఊబిగాన్ కంపెనీ 2010లో కొత్తగా తయారుచేసి అమ్మితే, పాతదాన్ని వాసన చూసినవాళ్ళు పోల్చి చెప్పగలిగారు. రాజుల సెంటుకి ఆ వైభోగం ఉంది. గుమాస్తాల సెంటుకి బీరువాలే ఒస్మోతెక్.

ఇక మా బీరువా సంగతి. నాన్న 1997లో పోయారు. అమ్మ 2009 వేసవిలో మా దగ్గరికి వచ్చింది. నేను ముందురోజే మందులషాపు నుంచి ఆ క్లాసిక్ ప్లాస్టిక్ సీసా కొని తెచ్చి, గొప్పగా ఆమె చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"వాసన అదేరా. లవంగం తగ్గించారు" అంది.

అప్పటికి నాకు ఐసోయూజినాల్ గురించి ఏమీ తెలీదు, ఆవిడకి అసలే తెలీదు. యాభయ్యేళ్ళు మసాలా నూరిన ముక్కు అది. ఆ మాటే నన్ను ఈ వెతుకులాటలో పడేసింది. హైదరాబాదులో ఉన్న మా బావకి ఫోన్ చేసి, వచ్చేవాళ్ళెవరి చేతైనా ఒక ఇండియా సీసా పంపించమన్నాను. నూటయాభై మిల్లీలీటర్లు కాబట్టి 2006 తరవాతి నిబంధనల ప్రకారం చేతిసంచీలో రానివ్వరు. ఆవకాయ జాడీకీ, లుంగీలకీ మధ్య పెద్దపెట్టెలో వచ్చింది. పగల్లేదు.

అప్పుడొక పరీక్ష పెట్టుకున్నాం. మా ఆవిడ తెల్లకాగితాలు సన్నగా కత్తిరించి, ఒకదాని మీద ప్లాస్టిక్ సీసాది, ఒకదాని మీద హైదరాబాదు సీసాది రెండేసి చుక్కలు వేసి, వెనకాల పెన్సిలుతో గుర్తు పెట్టి, అరగంట ఆరనిచ్చింది. ముందు నేను. మనసులో ఎంత ధీమా! ఇన్నాళ్ళు సభల్లో వాదించినవాణ్ణి. ఒకటి తీసి, "ఇది నాన్నది" అన్నాను.

అది ప్లాస్టిక్ సీసాది.

నవ్వులాటగా మొదలుపెట్టిన పనే, కానీ నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళుగా నేను మోస్తున్నాననుకున్నది, ముక్కు దగ్గర పెడితే గుర్తుపట్టలేకపోయాను. నాన్న మొహం ఫోటోల్లో ఉంది. గొంతు ఒక క్యాసెట్లో ఉంది. ఇది మాత్రం నా దగ్గరే ఉందనుకున్నాను.

అమ్మ వంతు వచ్చింది. రెండూ ఒక్కోసారి చూసి, కళ్ళజోడు సర్దుకుని, హైదరాబాదు కాగితం నా చేతిలో పెట్టింది. "ఇది దగ్గర. కానీ ఇదీ ఆయనది కాదు."

"మరి ఆయనదేది?" అన్నాను కొంచెం విసుగ్గానే.

"ఆయనదాంట్లో పటిక ఉండేది కదరా. ముందు పటిక రుద్దుకుని, పైన ఇది రాసుకునేవారు. పండగైనా పటిక మానలేదు. లైఫ్‌బాయ్ సబ్బొకటి."

ఏ కంపెనీ కూర్పులోనూ లేని వస్తువులు! నేను సంవత్సరాలు, చట్టాలు, పదివేల వంతులు లెక్కపెడుతున్నాను. ఆవిడ మాత్రం చర్మంతో సహా లెక్కపెట్టింది. మస్క్ వాడొద్దనకపోయినా, గాజుసీసా అలాగే ఉన్నా, షల్టన్ ఫ్యాక్టరీ రూట్ 46 పక్కన ఇంకా నడుస్తున్నా, ఆ పటికరాయి ఎవరూ వేసి అమ్మరు. కూర్పు మారిన మాట నిజమేనని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ నా ఫిర్యాదు అంతా కూర్పు మీదే కాదని ఆ రోజు తెలిసింది.

హైదరాబాదు సీసా నా దగ్గరే ఉంది. సగం అయింది. పటికముక్క ఎడిసన్‌లో మన సరుకుల కొట్టులో దొరికింది, పూజసామాను పక్కన. మా అబ్బాయి ఒకసారి అది చూసి ఇదేం ఉప్పు అని అడిగితే మొహానికి రుద్దుకోమని ఇచ్చాను. ఒకవైపు రుద్దుకుని "స్స్" అన్నాడు.

అమ్మ తిరుగుప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, నేను కొన్న ఆ ప్లాస్టిక్ సీసాని చీరల మధ్య పెట్టుకుంది. అదెందుకమ్మా అంటే, "మీ బావకి. పాపం, వాడు మనకోసం అంత కష్టపడి పంపించాడు. వాళ్ళ నాన్నలాగే ఎవరో ఒకరు అమెరికా సెంటు తేవాలి కదా" అంది.